ఒమన్ ఎండల్లో జీవన ఎరువులు: ఏడు రోజుల ప్రయాణం

మొదటి రోజు, మంగళవారం: మస్కట్

విమానాశ్రయం తలుపు దాటగానే కళ్లజోడు అద్దాల మీద ఆవిరి పట్టేసింది. టైము రాత్రి పది. సముద్రం పక్కన ఊరు కాబట్టి వేడికి చెమ్మ కూడా తోడైంది. అనంతపురం ఎండల్లో పుట్టి పెరిగినదాన్ని, వేసవి నాకు కొత్త కాదు. మా ఊళ్లో ఎంత ఎండ కాసినా తెల్లవారుజామున ఒక రెండు గంటలు గాలి చల్లబడుతుంది. ఇక్కడ జూన్ నెలలో ఆ రెండు గంటలు కూడా దొరకవని మా చిన్నమ్మ కొడుకు కారులో చెప్పాడు. 2018 జూన్‌లో ఇక్కడికి దగ్గరలోనే ఉన్న ఖురియాత్‌లో ఒక పగలు, ఒక రాత్రి మొత్తం మీద ఉష్ణోగ్రత 42.6 డిగ్రీల కిందికి దిగనే లేదు.

ఆ అంకె వినగానే నాకు టెన్షన్ మొదలైంది. నెల ముందు నేను ఈ దేశానికి పంపిన సీసాలు గుర్తొచ్చాయి.

మాది అనంతపురం జిల్లాలో చిన్న యూనిట్. వేరుశనగ విత్తనానికి పట్టించే రైజోబియంతో మొదలుపెట్టాం. తర్వాత వేళ్ల దగ్గర ఉండి నత్రజనిని పట్టే అజోస్పిరిల్లం, భాస్వరాన్ని కరిగించే బాసిల్లస్ అనే బాక్టీరియాలు, రైతులు వ్యామ్ అని పిలుచుకునే మైకోరైజా శిలీంధ్రం చేశాం. వీటన్నిటినీ కలిపి జీవన ఎరువులంటాం. ఆ పేరులో ఉన్న జీవం మాటవరసకు పెట్టింది కాదు. సీసాలో ఉన్నవి బతికున్న సూక్ష్మజీవులు. చచ్చిపోతే అది వట్టి వాసన నీళ్లు.

బర్కా దగ్గర వ్యవసాయ సామాన్ల దుకాణం నడిపే ఒక ఒమనీ ఆయన ముందు ట్రయల్ వేసి చూద్దామన్నాడు. దిగుమతి అనుమతి కాగితాలన్నీ ఆయనే పెట్టుకున్నాడు. మేం మే నెలలో విమానంలో సరుకు పంపాం. ఏదో ఒక కాగితం దగ్గర అడ్డుపడి డబ్బాలు తొమ్మిది రోజులు కార్గో షెడ్డులో ఉండిపోయాయి. షెడ్డులో ఏసీ లేదు. ఈ సంగతి నాకు తెలిసేసరికి డబ్బాలు బర్కా చేరిపోయాయి. ఆ సీసాల్లో ఏం మిగిలిందో నా కళ్లతో చూసుకుందామనే వచ్చాను. వచ్చినదాన్ని ఎలాగూ ఇక్కడి రైతు ఎవరో, ఎందుకు కొంటాడో, కొన్నది ఎలా వాడతాడో కూడా చూసి వెళ్లాలనుకున్నాను.

రూవిలో తమ్ముడి ఇంట్లో ముద్దపప్పు, ఆవకాయ. తిని పడుకున్నాను. నిద్ర మాత్రం సరిగా పట్టలేదు.

రెండో రోజు, బుధవారం: బర్కా

పొద్దున్నే బయల్దేరాం. దారిలో సీబ్‌లో, బర్కాలో ఎరువుల దుకాణాలు ఒక్కొక్కటే దిగి చూశాను. ఎరువును ఇక్కడ సమాద్ అంటారు. దుకాణం ముందర మేక ఎరువు సంచులు, కోళ్ల ఎరువు గుళికలు, యూరోపు నుంచి వచ్చిన పీట్ మట్టి మూటలు, మన దేశపు కొబ్బరి పొట్టు ఇటుకలు. లోపల అరల్లో డ్రిప్ మందులు, హ్యూమిక్ ఆసిడ్, సముద్రపు నాచు ద్రావణం. వాటి పక్కనే, అదే అరలో, సూక్ష్మజీవుల సీసాలు.

అన్నీ ఒకే అరలో ఉండడం చూసి మనసు చివుక్కుమంది. హ్యూమిక్‌లో గానీ నాచు ద్రావణంలో గానీ ప్రాణం లేదు. అవి పనికిరానివని అనను, మొక్కకు వాటి మేలు వాటికుంది. ఎండలో పెట్టినా వాటికొచ్చే నష్టం కొంచెమే. సూక్ష్మజీవుల సీసా అలా కాదు. ఇరవై ఐదు, ముప్పై డిగ్రీల నీడలో ఉంటే ఏడాది బతికే ద్రవ రూపం కూడా నలభై ఐదు దాటిన గదిలో వారాల్లో అడుగంటిపోతుంది. నా సంచిలోని చిన్న థర్మామీటరును ఒక దుకాణం షట్టరు పక్కన పదకొండు గంటలకు పెట్టి చూస్తే 46 చూపించింది. ఆ షట్టరుకు రెండడుగుల దూరంలోనే సీసాలు వరసగా నిలబెట్టి ఉన్నాయి.

ఒక సీసా తీసి చదివాను. పన్నెండు రకాల సూక్ష్మజీవుల పేర్లు అచ్చువేశారు. ఏది ఎన్ని ఉన్నాయో లేదు. ఎప్పుడు నింపారో లేదు. పన్నెండు పేర్లు ఉంటే కొనేవాడికి ఘనంగా కనిపిస్తుంది. ఒకే సీసాలో ఒకదాని తిండి ఇంకొకటి తినేసి చివరికి ఏది మిగులుతుందో నింపినవాడికైనా తెలుసా అని నా అనుమానం. మన దేశంలో 1985 నాటి ఎరువుల నియంత్రణ ఉత్తర్వులోకి 2006లో జీవన ఎరువులను చేర్చారు. రైజోబియం, అజోస్పిరిల్లం లాంటివి ద్రవమైతే మిల్లీలీటరుకు కనీసం 10 కోట్ల కణాలు, పొడి అయితే గ్రాముకు కనీసం 5 కోట్లు ఉండాలి. మన దగ్గర కూడా ఆ లెక్క తప్పే సీసాలు అమ్ముడవుతూనే ఉన్నాయి. అయినా అడగడానికి చేతిలో ఒక అంకె ఉంది. అంకె ఉంటేనే రైతు తరఫున ఎవరైనా నిలదీయగలరు.

దుకాణం ఆయన వయసు అరవై దాటి ఉంటుంది. హిందీ బాగా మాట్లాడతాడు. ముందు ఖర్జూరాలు పెట్టి, తర్వాత కహ్వా అనే ఇక్కడి కాఫీ పోశాడు. చిన్న గిన్నె ఖాళీ కాగానే మళ్లీ పోస్తూనే ఉన్నాడు. చాలు అనడానికి గిన్నెను చేత్తో అటూ ఇటూ ఊపాలని తమ్ముడు చెవిలో చెప్పేదాకా మూడు తాగాను.

ఆయన చెప్పిన మార్కెట్ లెక్క నేను ఊహించుకున్నట్టు లేదు. ఇక్కడ సూక్ష్మజీవుల సీసా ఎక్కువగా కొనేది పొలం రైతు కాదట. రోడ్ల పక్కన చెట్లు, పచ్చిక పెంచే కాంట్రాక్టర్లు, నర్సరీలవాళ్లు, విల్లాలో తోట ఉన్నవాళ్లు, కీర దోస పండించే గ్రీన్‌హౌస్ యజమానులు ముందు కొంటారు. ఖర్జూర తోటల వాళ్లు వాళ్ల తర్వాతే. "తోట పెద్దవాళ్లకు మేక ఎరువు మీద ఉన్న నమ్మకం సీసా మీద లేదు" అన్నాడు.

మా డబ్బాలను ఆయన ఏసీ గదిలోనే పెట్టాడు, ఆయన వైపు ఏ లోపం లేదు. మూత తీసి వాసన చూశాను. బాసిల్లస్ ఎప్పటిలాగే ఉంది. అజోస్పిరిల్లం వాసన మారినట్టు అనిపించింది. ముక్కుతో తేలే విషయం కాదు కాబట్టి రెండింటి నుంచి తలా రెండు సీసాలు తీసుకుని మస్కట్‌లో ఒక ప్రైవేటు ల్యాబులో ఇచ్చాం. బతికున్నవి ఎన్నో తేలాలంటే పలుచన చేసి, ప్లేట్ల మీద పోసి, కాలనీలు అనే మచ్చలు పెరిగాక లెక్కపెట్టాలి. సోమవారం చెబుతామన్నారు.

మూడో రోజు, గురువారం: బాతినా తీరం

బర్కా దాటి సముద్రం వెంట పడమరగా పోతే బాతినా మైదానం. ఒమన్‌కు కూరగాయలు పెట్టే నేల ఇదే. దారిలో ఖజాయిన్ వైపు లారీలు బారులు తీరి కనిపించాయి. మస్కట్‌లో మవేలా దగ్గర ఉండే కూరగాయల పెద్ద మార్కెట్టును 2024లో అక్కడికి మార్చారు.

దుకాణం ఆయనకు తెలిసిన ఒక తోటలో జగిత్యాల నుంచి వచ్చిన అన్న పనిచేస్తున్నాడు. పద్నాలుగేళ్లయింది వచ్చి. తెలుగు వినగానే చేతిలో పార కింద పెట్టేసి, "మన దిక్కునుంచి ఆడిమనిషి ఈ ఎండల్ల పొలం సూడనీకి వచ్చుడు మొదటిసారి సూస్తున్న అక్కా" అన్నాడు. తోటంతా నాకు తిప్పి చూపించింది ఆయనే. తోట యజమాని ఆయన నోట అర్బాబు.

ముందు సముద్రం వైపు తీసుకెళ్లాడు. అక్కడ ఖర్జూర చెట్లు నిలబడి ఉన్నాయి, తలలు లేవు. మొండేలు మాత్రమే. బావుల నుంచి ఏళ్ల తరబడి తోడేసరికి మంచినీళ్లు వెనక్కి తగ్గి, ఆ చోట్లోకి సముద్రపు నీళ్లు వచ్చేశాయి. పండ్ల చెట్లన్నిటిలో ఉప్పును ఎక్కువగా ఓర్చుకునేది ఖర్జూరమే. అది కూడా చచ్చిపోయిందంటే ఆ నీళ్లు ఎలా ఉన్నాయో ఊహించుకోవచ్చు. "నేను వచ్చినప్పుడు ఈ బాయి నీళ్లు తాగినం. ఇప్పుడు గొడ్డుకు పోస్తె మూతి తిప్పుకుంటది" అన్నాడు. నిమ్మ తోటలు అంతకు ముందే పోయాయట. బాతినా నిమ్మకు 1970లలో మంత్రగత్తె చీపురు తెగులు తగిలింది. కొమ్మల చివర్లు చీపురుకట్టలా గుబురు కట్టి చెట్టు ఎండిపోతుంది.

తోట లోపలి భాగంలో నీళ్లు ఇంకా పర్వాలేదు. పైన ఖర్జూరం, దాని నీడలో మామిడి, అరటి, అన్నిటికీ కింద లూసర్న్ గడ్డి. దీన్ని వీళ్లు ఖత్ అంటారు. పైనున్న ఆకుల కింద నిలబడితే బయటి ఎండ సగం మరిచిపోవచ్చు. బయట ఇసుక మీద థర్మామీటరు గుచ్చితే 60 దాటింది. ఖత్ మడిలో నాలుగు వేళ్ల లోతున గుచ్చితే 33. రెండింటికీ మధ్య ఇరవై అడుగుల దూరం కూడా లేదు.

ఒక మొక్క పీకిస్తావా అన్నా అని అడిగాను. పారతో లోతుగా పెల్లగించి మట్టిగడ్డతో సహా ఇచ్చాడు. నీళ్లలో కడిగి చూస్తే వేరు నిండా బుడిపెలు. ఒక బుడిపెను గోటితో చిదిపాను. లోపల గులాబీ రంగు. ఆ రంగు ఉందంటే రైజోబియం బతికి, గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకు అందిస్తోందని అర్థం. బుడిపెల్లో ఉండే ఈ జీవిని 1888లో బైజరింక్ అనే డచ్చి శాస్త్రవేత్త మొదటిసారి విడదీశాడు, మరో పదేళ్లు తిరగకముందే దాన్ని సీసాల్లో నింపి అమ్మడం మొదలైంది. నేను చేసే పనికి అదే మొదలు. కానీ ఈ మడిలో ఎవరూ ఏ సీసా పోయలేదు. ఇంత ఎండలో, ఇంత సున్నపు నేలలో, ఈ ఉప్పదనంలో ఇవి వాటంతట అవే బతుకుతున్నాయి. అనంతపురం నుంచి పట్టుకొచ్చిన నా సరుకు కార్గో షెడ్డులో తొమ్మిది రోజులు తట్టుకుందో లేదో తెలియదు. ఈ నేల బిడ్డలు మాత్రం నా అరచేతిలో గులాబీ రంగులో మెరుస్తున్నాయి. ఆ వేరును చాలాసేపు కింద పెట్టలేకపోయాను.

పన్నెండున్నరకు పని ఆపేశారు. జూన్ నుంచి ఆగస్టు దాకా మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడున్నర వరకు ఎండలో పని చేయించకూడదని ఇక్కడ నిబంధన ఉంది. వాళ్ల గదిలో అన్నం, చేపల పులుసు తిన్నాం. చలికాలంలో సార్డిన్ చేపలు ఒడ్డున గుట్టలుగా పడతాయట. ఎండబెట్టి ఒంటెలకు, ఆవులకు పెడతారు, మిగిలింది ఖర్జూరం పాదుల్లో వేస్తారు. తాతల నాటి నుంచి ఉన్న పద్ధతి.

అన్నం తింటూ ఆయన చెప్పిన ఒక సంగతి నా నోట్‌బుక్కులో రెండు పేజీలు తినేసింది. నిరుడు అర్బాబు ఒక జీవన ఎరువు సీసా తెచ్చి ఇచ్చాడు. ఈయన దాన్ని మామూలు మందే అనుకుని, తెగులుకు కొట్టే రాగి మందుతో కలిపి ఒకే డ్రమ్ములో పోసి డ్రిప్‌లో వదిలాడు. రాగి మందు పనే సూక్ష్మజీవులను చంపడం. "దాని మీద అరబ్బీ ఉండె, ఇంగ్లిష్ ఉండె. నాకు రెండూ రావు. పక్క తోటల పిల్లగాడు బంగ్లాదేశ్, వానికీ రావు. ఎవ్వలు జెప్పలె అక్కా" అన్నాడు.

ఆయన తప్పేం లేదు. సీసా కొనేది యజమాని, పోసేది కూలీ. కూలీ చదివే భాషలో ఒక్క ముక్క కూడా రాయకుండా అమ్మి, పనిచేయలేదని తర్వాత నేల మీద తోస్తారు. సూక్ష్మజీవుల వ్యాపారం చేసేవాళ్లందరం, నాతో సహా, దీనికి జవాబు చెప్పాలి. లేబులు మీద తెలుగు, బెంగాలీ, హిందీ, మలయాళం వేయడానికి ఎంత ఖర్చవుతుంది? బొమ్మలు వేసినా చాలు: ఎండకు అడ్డగీత, మందు డబ్బాకు అడ్డగీత, సాయంత్రం సూర్యుడు.

మంచి సీసా ఒకటి నా దగ్గరుంటే ఆయనకు ఇచ్చి వచ్చేదాన్ని. ఫలితం రాకుండా ఏదీ ఇవ్వదలచుకోలేదు. ఫోన్ నంబరు తీసుకున్నాను.

నాలుగో రోజు, శుక్రవారం: నిజ్వా

తెల్లవారకముందే కొండల మధ్యగా నిజ్వాకు. శుక్రవారం పొద్దున కోట దగ్గర మేకల సంత జరుగుతుంది. గుండ్రటి అరుగు చుట్టూ కొనేవాళ్లు కూర్చుంటే, అమ్మేవాళ్లు మేకలను పట్టుకుని మధ్యలో తిప్పుతూ ధర అరుస్తారు. గంటన్నరలో సంత ఖాళీ. ఈ మేకలే ఇక్కడి తోటలకు ఎరువు కర్మాగారాలు.

అక్కడి నుంచి ఫలజ్ దారిస్. ఫలజ్ అంటే కొండ అడుగునో వాగు అడుగునో ఉన్న నీటిని పంపు లేకుండా, వాలు మీద ఆధారపడి, కాలువలో ఊరికి తెచ్చే ఏర్పాటు. దేశంలో ఇలాంటివి మూడు వేల దాకా ఇప్పటికీ పారుతున్నాయి. 2006లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చిన ఐదింటిలో ఇది ఒకటి. నీళ్లలో కాళ్లు పెట్టి కూర్చున్నాను. చిన్న చేపలు వచ్చి మడమలు పొడిచాయి. నీటి వాటాను అథర్ అనే కొలతతో పంచుకుంటారు, అంటే అరగంట పారకం. గడియారాలు రాకముందు పగలు నీడను చూసి, రాత్రి నక్షత్రాలను చూసి అథర్ లెక్కించేవారట. మా వైపు చెరువు కింద నీరుకట్టి వంతులు పెట్టే పద్ధతి గుర్తొచ్చింది.

దుకాణం ఆయన చుట్టం ఒక పెద్దాయనది ఆ కాలువ కింద ఖర్జూర తోట. అప్పుడే నఘాల్ రకం పండుతోంది, అన్నిటికంటే ముందు వచ్చే రకం అదే. సగం పండి సగం దోరగా ఉన్న కాయలు తెంపి చేతిలో పోశాడు. తమ్ముడు మధ్యలో అరబ్బీ, హిందీ కలిపి నెట్టుకొచ్చాడు.

ఆయన ప్రతి చలికాలం చెట్టు చుట్టూ గుంత తీసి మేక ఎరువు నింపి మట్టి కప్పుతాడు. కొత్త చెట్టు నాటాలంటే తల్లి చెట్టు పక్కన వచ్చిన పిలకను వేళ్లతో, మట్టితో కలిపి తీసి నాటుతాడు. ఆ మాట విని నేను మోకాళ్ల మీద కూర్చుని పిలక చుట్టూ మట్టి చూశాను. ఖర్జూరం వేళ్లలో మైకోరైజా శిలీంధ్రం సహజంగానే కాపురం ఉంటుంది. వేరు అందుకోలేని దూరం నుంచి భాస్వరాన్ని, తేమను దారాల లాంటి తన పోగులతో లాక్కొచ్చి ఇస్తుంది. బదులుగా చెట్టు దానికి చక్కెర పెడుతుంది. పిలకతో పాటు మట్టిగడ్డ కొత్త గుంతలోకి పోతే దాంతో పాటు శిలీంధ్రం కూడా పోతుంది. పెద్దాయనకు దాని పేరు తెలియదు, పని మాత్రం తరతరాలుగా చేస్తున్నాడు.

నేను మా వ్యామ్ గురించి చెప్పాను. ఆయన ఓపికగా విని ఒకటే అడిగాడు. "నా తోటలో అది ముందే ఉందని నువ్వే అంటున్నావు. మరి నేనెందుకు కొనాలి?"

ఉన్నమాటే చెప్పాను. మీరు కొననక్కర్లేదు. ఎరువు వేసి, నీడ ఉండి, వందేళ్లుగా దున్ని పాడు చేయని తోటకు ఇది అవసరం లేదు. బుల్డోజరుతో చదును చేసిన కొత్త ఇసుక నేలలో, టిష్యూ కల్చర్ మొక్క నాటేవాడికి అవసరం. ల్యాబు గాజు సీసాలో పెరిగిన మొక్కకు పుట్టుకతో వచ్చే తోడు ఏదీ ఉండదు, దానికి నాటేరోజే వేరు దగ్గర మైకోరైజా పెడితే మేలు. అది కూడా మేక ఎరువుతో కలిపి. సేంద్రియ పదార్థం లేని ఇసుకలోకి సూక్ష్మజీవులను వదలడం పొయ్యి వెలగని ఇంటికి చుట్టాలను పంపడం లాంటిది.

తమ్ముడు ఆ పోలికను ఎలా అనువదించాడో గానీ పెద్దాయన గట్టిగా నవ్వి, ఒక సంచి నిండా నఘాల్ పళ్లు కట్టించాడు.

ఐదో రోజు, శనివారం: రూవి

ఎండదెబ్బకు తల పట్టేసింది. ఇంట్లోనే ఉన్నాను. సాయంత్రం పక్క బిల్డింగు తెలుగు ఆడవాళ్లు ముగ్గురు వచ్చారు. బాల్కనీల్లో గోంగూర, కరివేపాకు, బచ్చలి పెంచుతున్నారు. గోంగూర జూన్‌లో కూడా నిలబడుతోందని, కరివేపాకే ఏడిపిస్తోందని చెప్పారు. లీటరు సీసా కొని, నాలుగు కుండీలకు వాడి, మిగిలింది ఏడాది పాటు బాల్కనీలోనే ఉంచేశానంది ఒకామె. ఇళ్లవాళ్లకు వంద మిల్లీలీటర్ల సీసా ఉండాలి. రాసుకున్నాను.

ఆరో రోజు, ఆదివారం: సూర్, బిదియా

పొద్దున సముద్రం పక్క రోడ్డు మీద సూర్‌కు. ఎడమవైపు నీలి నీళ్లు, కుడివైపు చెట్టన్నది లేని కొండలు. సూర్ పాతకాలం నుంచి చెక్క ఓడలు కట్టే ఊరు. నేను చూడాలనుకున్నది ఊరి బయట ఉన్న యూరియా ఫ్యాక్టరీని. లోపలికి వెళ్లే అనుమతి లేదు కాబట్టి రోడ్డు మీద నుంచే చూశాను.

ఒమన్ ఇండియా ఫెర్టిలైజర్ కంపెనీ. సగం వాటా ఒమన్‌ది, మిగతా సగం మన దేశపు సహకార ఎరువుల సంస్థలు ఇఫ్కో, క్రిభ్‌కోలది. 2005లో ఉత్పత్తి మొదలైంది. ఏడాదికి దాదాపు 16.5 లక్షల టన్నుల యూరియా తీసే సామర్థ్యం. ఒమన్ సహజవాయువుతో గాలిలోని నత్రజనిని కలిపి అమ్మోనియా, దాంతో యూరియా. పదిహేనేళ్ల ఒప్పందం కింద ఆ యూరియా మన దేశానికే వచ్చింది. మా జిల్లా రైతు సొసైటీ ముందు క్యూలో నిలబడి తెచ్చుకున్న బస్తాల్లో ఈ ఎడారి అడుగు గ్యాసుతో చేసినవి ఎన్ని ఉన్నాయో.

చిమ్నీలను చూస్తూ చాలాసేపు కారులోనే కూర్చున్నాం. అక్కడ మహా వేడితో, పీడనంతో చేసే పనినే మొన్న నా అరచేతిలోని గులాబీ బుడిపె 33 డిగ్రీల తడి మట్టిలో చేస్తోంది. ఈ ఫ్యాక్టరీ మీద నాకు కోపం లేదు. యూరియా లేకుండా మన దేశం కడుపు నిండేది కాదు. కానీ గ్యాసు ఉన్న ఈ దేశంలో "యూరియా ఖర్చు తగ్గుతుంది" అని చెప్పి జీవన ఎరువును అమ్మలేం. మన దగ్గర నాలుగు మాటల్లో రెండు ఆ మాటలే. ఇక్కడ చెప్పాల్సింది భాస్వరం గురించి. ఈ సున్నపు నేలల్లో భాస్వరం ఎంత వేసినా కాల్షియంతో కలిసి గట్టిపడిపోతుంది. వేరుకు అందదు. బాసిల్లస్ విడుదల చేసే ఆమ్లాలు దాన్ని కొంచెం కొంచెంగా కరిగిస్తాయి. చెప్పాల్సిన ఇంకొకటి నీరు. మైకోరైజా ఉన్న వేరు ఉన్న కాస్త తడిని బాగా వెతుక్కోగలదు. ఏడాదికి వంద మిల్లీమీటర్ల వాన కూడా సరిగా పడని మస్కట్ ప్రాంతంలో ఆ మాటకు విలువ ఉంది. కరువు సీమ అని పేరుపడ్డ మా అనంతపురంలోనే అంతకు ఐదు రెట్లు పైగా పడుతుంది.

తిరుగు ప్రయాణం లోపలి దారిలో, బిదియా మీదుగా. అక్కడ ఒక తోట పక్కన పెద్ద రాగి బానల్లో మబ్సలీ రకం ఖర్జూరాలు ఉడుకుతున్నాయి. పసుపురంగు పచ్చి కాయలను గెలల నుంచి దూసి, ఉడికించి, ఎండలో ఆరబెడతారు. ఈ పనిని తబ్సీల్ అంటారు. ఆరినవి ఎక్కువగా మన దేశానికే వస్తాయి. మన పెళ్లిళ్లలో, నోముల్లో తాంబూలంతో పెట్టే గట్టి ఎండు ఖర్జూరాల్లో ఇక్కడివి కూడా ఉంటాయని నాకు ఇప్పటిదాకా తెలియదు. ఆడవాళ్లు, పిల్లలు అందరూ బానల చుట్టూ ఉన్నారు. మాకూ ఒక దోసెడు పెట్టారు.

ఏడో రోజు, సోమవారం: మస్కట్, బర్కా

పదకొండుకు ల్యాబు నుంచి ఫోన్ వచ్చింది. నేనే వెళ్లి ప్లేట్లు చూశాను. బాసిల్లస్ ప్లేట్లు నిండుగా ఉన్నాయి, లెక్క 10 కోట్లకు పైనే. ఇది గడ్డుకాలం వచ్చినప్పుడు వేడిని తట్టుకునే గట్టి పెంకు కట్టుకుని బీజంలా పడుకుంటుంది, మంచి రోజులు రాగానే లేస్తుంది. అజోస్పిరిల్లానికి అంత గట్టి పెంకు లేదు. పది వేల వంతు పలుచన చేసిన ప్లేటు మీద చేతి వేళ్లతో లెక్కపెట్టేటన్ని మచ్చలు. మా ఊళ్లో అదే బ్యాచ్ సీసా ఒకటి నీడ గదిలో ఉంచుకున్నాం. బయల్దేరే ముందు చూస్తే దాని లెక్క సరిగ్గా ఉంది. కాబట్టి చచ్చిపోయింది దారిలోనే.

ప్లేటును వెలుగుకు పట్టి చూస్తుంటే కళ్లలో నీళ్లు తిరిగాయి. మూడు నెలలు పెంచినవి.

బర్కా వెళ్లి దుకాణం ఆయన ముందు కాగితం పెట్టాను. అజోస్పిరిల్లం ఒక్క సీసా కూడా అమ్మొద్దని, డబ్బు నేను వెనక్కి ఇస్తానని చెప్పాను. ఆయన కాసేపు ఏమీ అనలేదు. "ఇంతవరకు ఎవరూ తమ సరుకు చచ్చిపోయిందని నాకు చెప్పలేదు" అని, డబ్బు సగమే తీసుకుంటానన్నాడు. మూతలు తీసి సీసాలన్నీ వెనక పెరట్లో కంపోస్టు కుప్ప మీద పోశాం.

తర్వాత ఇద్దరం కూర్చుని రాసుకున్నాం. ఈ దేశానికి అజోస్పిరిల్లం పంపం. బాసిల్లస్, మైకోరైజా మాత్రమే. అవి కూడా నవంబరు నుంచి ఫిబ్రవరి లోపలే, కొత్త పిలకలు, మొక్కలు నాటే కాలానికి. ప్రతి డబ్బాలో వేడిని రాసుకునే చిన్న మీటరు ఉంటుంది. అది 40 దాటినట్టు చూపిస్తే డబ్బా మాదే, ఆయన పైసా కట్టక్కర్లేదు. వచ్చిన ప్రతి బ్యాచ్ ఇక్కడే లెక్కపెట్టించి, ఆ అంకెను, తేదీని సీసా మీద అంటిస్తాం. లేబులు ఆరు భాషల్లో. ఖత్ గడ్డికి ఏదైనా చేయాలంటే ఇక్కడి వేర్ల నుంచే, ఇక్కడి వాళ్ల అనుమతితో, ఇక్కడి ల్యాబుల్లోనే విడదీసి పెంచాలి. మా అనంతపురం రైజోబియాన్ని ఇక్కడికి తేవడం తగదు. ఆ పని ఎవరితో, ఎలా మొదలుపెట్టాలో కనుక్కునే బాధ్యత ఆయన తీసుకున్నాడు.

బాసిల్లస్ సీసా ఒకటి తీసుకుని, విమానాశ్రయానికి పోయేముందు జగిత్యాల అన్న దగ్గరికి వెళ్లాం. అప్పటికి చీకటి పడింది. ఎండలో పెట్టొద్దు, రాగి మందుతో కలపొద్దు, సాయంత్రం పూట మేక ఎరువులో కలిపి పాదులో వేసి వెంటనే నీళ్లు పెట్టు అని రెండుసార్లు చెప్పాను. ఆయన మూడోసారి నాకే అప్పజెప్పాడు.

బోర్డింగ్ గేటు దగ్గర కూర్చుంటే ఫోన్‌లో ఆయన వాయిస్ మెసేజ్ వచ్చింది. "మామిడి చెట్టు కింద గుంత తీసిన అక్కా. కుండ పాతిపెట్టి అండ్ల సీసా వెట్టిన. పైన తడి గోనెసంచి కప్పిన. పొద్దుమాపు నీళ్లు సల్లుత. పక్క తోట బంగ్లా పిల్లగానికి గూడ జెప్పిన, నేను లేకపోతె వాడు సల్లుతడు."